మన కడలిలోని మహాప్రాణులు

తిమింగిలం అనే మాటను మనం సంస్కృతం నుండి తెచ్చుకున్నాము. 'తిమి' అనగా పెద్ద చేప. దానిని మ్రింగేది తిమింగిలం. పూర్వులు అంతటితో తృప్తి చెందక, ఆ తిమింగిలాన్ని సైతం మ్రింగే తిమింగిలగిలాన్ని కూడ ఊహించారు. ఉర్దూలో దీనినే వ్హేల్ మఛ్లీ అంటారు. ఈ కళాశాలలో ఒకే బల్లపై కూర్చొని చదువుకొనే రెండు భాషల విద్యార్థులకూ ఇది చేపగానే పరిచయమైనది. శాస్త్రం మాత్రం దీనిని చేప కాదంటున్నది. తిమింగిలం మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చి, ఉష్ణరక్తంతో జీవించి, బిడ్డను కని, పాలిచ్చి పెంచే జంతువు. మా తెలుగు వ్యాకరణంలో గట్టిగా ఊపిరి వదలి పలికే వర్ణాలకు మహాప్రాణాలని పేరు. ఆ పేరు ఈ జీవికి ఇంకా బాగా తగుతుందని మేము తలుస్తాము. ఏలనంటే, నీలి తిమింగిలం నీటిపైకి వచ్చి ఒక్కసారి విడిచే ఊపిరి తొమ్మిది మీటర్ల ఎత్తు వరకు లేస్తుంది.

ఇంతటి జీవిని గురించి విశాఖపట్నంలో చదువుకొనే మనకు ఏమి తెలుసు? ఈ ప్రశ్న విద్యార్థులకే కాదు, కళాశాల కమిటీ పెద్దలకు కూడ చెందినదని మా అభిప్రాయం.

మన నగరం సముద్రాన్ని ఆధారం చేసుకొని పెరిగిన నగరం. 1933లో రేవు ప్రారంభమైనప్పటి నుండి మనం సముద్రం వైపు చూస్తూనే ఉన్నాము. అయితే మనం చూచేది ఓడలను. ఏ ఓడ ఇనుప ఖనిజానికి వచ్చినదో, ఏ ఓడ బొగ్గు తెచ్చినదో, ఏది బయట లంగరు వేసి నిలిచినదో రేవు పనివాని బిడ్డ చెప్పగలడు. రేవు ముఖద్వారాన కాపలా ఉన్నట్లు నిలిచిన కొండకు డాల్ఫిన్ ముక్కు అని పేరు. ఆ కొండ పేరు ప్రతి పిల్లవానికీ తెలుసు. ఆ కొండ క్రింది నీటిలో తిరిగే డాల్ఫిన్‌ను చూచినవారు ఎందరు? దర్గా కొండకు జియారత్‌కు వెళ్ళేవారు, ప్రక్కనే ఉన్న వేంకటేశ్వరస్వామి కొండకు, రాస్ కొండపై చర్చికి వెళ్ళేవారు, అందరూ అదే నీటిని పైనుండి చూస్తారు. కాని చూచుట వేరు, గమనించుట వేరు.

తిమింగిలాలు ఎక్కడో ధ్రువప్రాంతాలలో ఉంటాయనీ, వాటికీ మనకూ సంబంధం లేదనీ చాలామంది భ్రమ. బ్రైడ్ తిమింగిలం వెచ్చని సముద్రాలలోనే ఏడాది పొడుగునా నివసిస్తుంది. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో నీలి తిమింగిలాలు కలవు. లోతైన నీటిలో స్పెర్మ్ తిమింగిలాలు కలవు. మన తూర్పు తీరంలో సముద్రగర్భపు మెరక పశ్చిమ తీరంలో ఉన్నంత వెడల్పు కాదు. కనుక లోతు నీరు మనకు మరీ దూరం కాదు. పైగా 1950ల దశకంలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు లఫాండ్ మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, ఇక్కడివారితో కలిసి వాల్తేరు తీరపు నీటిని పరిశీలించినప్పుడు ఒక విశేషం వెల్లడైనది. వేసవి ముందు నెలలలో తీరం వెంబడి వీచే గాలి పై నీటిని సముద్రంలోకి నెట్టగా, అడుగునుండి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితోపాటు సూక్ష్మజీవులకు ఆహారమైన లవణాలు పైకి వస్తాయి. సూక్ష్మజీవులను చిన్న రొయ్యలు, వాటిని చేపలు తింటాయి. మేత ఎక్కడో మంద అక్కడ అన్నది పశువుల కాపరికి తెలిసిన సత్యమే. సముద్రంలోనూ అదే న్యాయం.

ఇక మన తీరాన నిజంగా జరిగిన ఒక సంఘటనను చెప్పుకుందాము. 2021 డిసెంబరులో విశాఖకు దక్షిణాన ఉన్న తంతడి తీరంలో మత్స్యకారుల వలలో ఒక భారీ జీవి చిక్కుకున్నది. దాని బరువు రెండు టన్నులుంటుందని అంచనా వేశారు. అది తిమింగిల సొర. పేరులో తిమింగిలం ఉన్నా అది తిమింగిలం కాదు. మొప్పలతో ఊపిరి తీసే సొరచేప, ప్రపంచంలోని చేపలన్నిటిలోను పెద్దది. సొర అనగానే భయపడేవారు ఒక్క మాట తెలుసుకోవాలి. ఇది మనుష్యుల జోలికి రాదు. పెద్ద నోరు తెరచుకొని నెమ్మదిగా ఈదుతూ, నీటిలోని అణువంత జీవులను వడగట్టుకొని తింటుంది. ఆ రోజున అటవీశాఖవారు, వన్యప్రాణి ప్రేమికులు, మత్స్యకారులు కలిసి దానిని ప్రాణంతో తిరిగి లోతు నీటిలోకి పంపించారు. వలకు కలిగే నష్టానికి పరిహారం ఇస్తామని అటవీశాఖ ప్రకటించినది. ఆ జీవి వీపుమీది చుక్కల అమరిక మన వ్రేలిముద్రల వంటిది; ఒక దానికున్నట్లు మరొక దానికి ఉండదు. అందువలన దాని ఛాయాచిత్రాలను గుర్తింపు కొరకు మాల్దీవులలోని పరిశోధకులకు పంపించారు.

ఈ సంఘటనలో మాకు ఎక్కువగా నచ్చినది ఆ జీవి పరిమాణం కాదు. వలను నష్టపోయినవారే దానిని విడిపించుటకు చేయి వేశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తిమింగిల సొరకు 2001 నుండి పులితో సమానమైన రక్షణ ఉన్నది. తిమింగిలాలకూ ఆ రక్షణ ఉన్నది. కాని చట్టం పుస్తకంలో ఉంటుంది. వల నీటిలో ఉంటుంది. తీరానికి దూరంగా, సాక్షులు లేని చోట, ఒక పెద్ద జీవి వలలో పడినప్పుడు దాని బ్రదుకు ఆ పడవలోని నలుగురైదుగురి మనస్సుపై ఆధారపడి ఉన్నది. వల కోస్తే ఆ సీజను సంపాదన పోతుంది. కోయకపోతే ప్రాణి పోతుంది. అటువంటి క్షణంలో ఆ మనిషి మంచివైపు మొగ్గాలంటే, తన నష్టాన్ని సంఘం భరిస్తుందన్న నమ్మకం అతనికి ఉండాలి. పరిహారం ఆలస్యమైతే, కార్యాలయాల చుట్టూ పదిసార్లు తిరగవలసి వస్తే, తరువాతి జీవి సంగతి ఎవరికీ తెలియనే తెలియదు. మత్స్యకారుడు నోరు విప్పడు. కనుక సముద్ర జీవుల రక్షణ అనే మాట పలికేవారు మొట్టమొదట వల ఖరీదు గురించి మాట్లాడాలని మేము గట్టిగా నమ్ముతున్నాము.

ఈ విషయంలో గుజరాతు మనకు మేలుబంతి. అక్కడి తీరంలో ఒకప్పుడు తిమింగిల సొరలను వందలకొద్దీ వేటాడేవారు. 2004లో ప్రారంభమైన ప్రచారంలో మొరారి బాపు అనే రామకథా ప్రవచనకారుడు ఆ జీవిని 'వహాలీ' అని పిలిచారు. ప్రియమైన ఆడబిడ్డ అని అర్థం. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను చంపుతారా అని వారు ప్రజలను అడిగారు. ఆ మాట జాలరుల హృదయాన్ని తాకినది. దానికి తోడు కోసిన వలలకు పరిహారం కూడ లభించినది. నాటి వేటగాళ్ళే వందల కొలది జీవులను విడిపించారు. మాట ఒక్కటే చాలదు, డబ్బు ఒక్కటే చాలదు. రెండూ కలిసినప్పుడు పని జరిగినది.

ఇంతకూ సముద్రంలో ఈ జీవులను గమనించుట ఎట్లు? కొంత వివరిస్తాము. చేప తోక నిలువుగా ఉంటుంది. చేప దానిని కుడియెడమలకు ఆడిస్తుంది. తిమింగిలం, డాల్ఫిన్‌ల తోక అడ్డంగా ఉంటుంది. అవి దానిని పైకీ క్రిందికీ కదలిస్తాయి. ఈ ఒక్క గుర్తు తెలిస్తే చేపకూ తిమింగిలానికీ భేదం ఇట్టే తెలుస్తుంది. తరువాత చూడవలసినది ఊపిరి. నీలి తిమింగిలం ఊపిరి నిటారుగా స్తంభంవలె లేస్తుంది. స్పెర్మ్ తిమింగిలం ఊపిరి ముందుకు, ఎడమ ప్రక్కకు వాలి ఉంటుంది. ఎంత దూరం నుండి అయినా ఆ వాలును బట్టి పోల్చుకోవచ్చు. అది ఒక్క ఊపిరితో దాదాపు గంటసేపు, వేయి మీటర్లకు మించిన లోతులో వేటాడగలదు. మునిగే ముందు తోకను నీటిపైకి ఎత్తుతుంది. బ్రైడ్ తిమింగిలం సాధారణంగా తోక ఎత్తదు. దాని తలపై మూడు గాట్లవంటి మెరకలు ఉంటాయి. కొన్ని తిమింగిలాలు శరీరమంతా నీటిపైకి ఎగిరి ఫెళ్ళున పడతాయి. కొన్ని తలమాత్రం నిలువుగా ఎత్తి చుట్టూ పరికిస్తాయి. కొన్ని తోకతో నీటిని చరుస్తాయి. తోటి జీవులకు సంకేతమా, మేనిపై పట్టిన పరాన్నజీవులను వదల్చుకొనుటా, ఆటా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకను చర్చిస్తున్నారు.

తీరం నుండి తిమింగిలం కనబడుట అరుదే. డాల్ఫిన్లు కనబడుట అంత అరుదు కాదు. గూని డాల్ఫిన్ తీరానికి దగ్గరగా, తక్కువ లోతులో తిరుగుతుంది. స్పిన్నర్ డాల్ఫిన్ గాలిలోకి ఎగిరి బొంగరంవలె తిరిగి నీటిలో పడుతుంది. గాలి లేని ఉదయాన, అలల తెల్లని తలలు లేని సమయాన, కైలాసగిరి వంటి ఎత్తైన చోట ఒక దుర్భిణితో గంటసేపు కూర్చొనే ఓపిక ఉన్నవారికి సముద్రం తప్పక ఏదో ఒకటి చూపుతుంది. ఏమీ కనబడని రోజున 'ఏమీ కనబడలేదు' అని వ్రాసుకొనుట కూడ శాస్త్రమే.

ప్రస్తుతం మనం ఏమి చేస్తున్నాము? జీవించి ఉన్న తిమింగిలాన్ని వెదకము. చచ్చి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినదానిని చూచుటకు మాత్రం ఊళ్ళకు ఊళ్ళు కదలి పోతాము. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి సుమారు ఇరవై అయిదడుగుల తిమింగిలం కొట్టుకొని వచ్చినప్పుడు జనం తండోపతండాలుగా వెళ్ళి ఛాయాచిత్రాలు తీసుకున్నారు. అది నీలి తిమింగిలమని పత్రికలు వ్రాసినవి. పుట్టినప్పుడే నీలి తిమింగిలపు బిడ్డ ఏడు మీటర్లు, అనగా ఇరవై మూడడుగులు ఉంటుంది. పత్రికల మాట నిజమైతే అక్కడ పడి ఉన్నది పసిబిడ్డ. ఛాయాచిత్రం తీసుకున్నవారిలో ఎందరికి ఈ సంగతి తోచి ఉంటుంది?

కొన్ని వేళల తిమింగిలాలు ప్రాణంతోనే ఒడ్డుకు వస్తాయి. తమిళనాడు తూత్తుకుడి తీరంలో 1973 జనవరిలో 147 తిమింగిలాలు ఒడ్డెక్కినవి. మళ్ళీ 2016 జనవరిలో అదే తీరానికి ఎనభైకి పైగా వచ్చినవి. జాలరులు వాటిని నీటిలోకి నెట్టినా అనేకం తిరిగి వచ్చినవి. గుంపును విడిచి బ్రదుకలేని స్వభావం వాటిది. మన తీరంలో అటువంటి స్థితి ఏర్పడితే ఏమి చేయాలో మన విద్యార్థులకు తెలిసి ఉండాలి. తోక పట్టి లాగరాదు. తలపై ఉన్న ఊపిరి రంధ్రంలోకి నీరు గాని, ఇసుక గాని పోనీయరాదు. తడిబట్టలు కప్పి నీడ కల్పించాలి. గుంపును దూరంగా ఉంచాలి. వెంటనే అటవీశాఖకు తెలియజేయాలి. ఈ అయిదు మాటలు గుర్తుంచుకొనుటకు పెద్ద చదువు అక్కరలేదు.

ఇక్కడ కొందరు ఒక సూచన చేయవచ్చు. శ్రీలంకలోని మిరిస్సాలో వలె మన విశాఖలో కూడ పడవలపై యాత్రికులను తీసుకొనిపోయి తిమింగిలాలను చూపిస్తే మంచి ఆదాయం రాదా? ఆదాయం మాటను మేము తేలికగా కొట్టివేయము. జాలరికి చేపలు పట్టుటకంటె చూపుటలో ఎక్కువ దొరికితే మాకు సంతోషమే. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరువది యొక్క దినాలు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆ కాలంలో పడవలు ఖాళీగానే ఉంటాయి. కాని మిరిస్సా అనుభవాన్ని సంపూర్ణంగా చూడాలి. 2009లో అక్కడి అంతర్యుద్ధం ముగిసిన తర్వాత ఈ యాత్రలు త్వరగా పెరిగినవి. ఒకే తిమింగిలం చుట్టూ అనేక పడవలు మూగి, దానిని ఊపిరి పీల్చుకోనీయకుండ వెంటాడిన సందర్భాలు కలవు. నియమాలు యాత్రల వెనుక నడచి వచ్చినవి. పెక్కు దేశాలలో పడవ తిమింగిలానికి కనీసం నూరు మీటర్ల దూరంలో ఆగాలి, దాని దారికి అడ్డం పోరాదు, తల్లీబిడ్డల నడుమకు పోరాదు, వేగం తగ్గించాలి. మన తీరంలో ఏ జీవి ఏ నెలలో ఎక్కడ తిరుగుతుందో లెక్క కట్టకముందే టిక్కెట్లు అమ్ముట, విత్తనం వేయకముందే కొడవలికి పదును పెట్టుట వంటిది. మొదట గమనిక, తరువాత నియమం, ఆ తరువాతనే వ్యాపారం. ఈ వరుస తారుమారు కాకూడదు.

రేవు నగరవాసులుగా మనం మరువరాని సంగతి మరొకటి ఉన్నది. శ్రీలంక దక్షిణ తీరాన ప్రపంచపు పెద్ద ఓడల దారి, నీలి తిమింగిలాలు మేత మేసే చోటు ఒకటే అయినవి. ఓడ ముక్కుకు తగిలి తిమింగిలాలు చనిపోతున్నాయి. 2022లో ప్రపంచంలోనే పెద్ద ఓడల కంపెనీలలో ఒకటైన ఎం.ఎస్.సి. తన ఓడలను అక్కడ మరింత దక్షిణంగా నడుపుటకు పూనుకున్నది. పదిహేను మైళ్ళు తప్పుకొని పోయినంత మాత్రాన ఆ వ్యాపారం కూలిపోలేదు. ఇనుము, బొగ్గు, నూనె, పెట్టెల సరుకు ఎగుమతి దిగుమతులతో బ్రదికే విశాఖ, గంగవరం రేవులు ఉన్న మన నగరం ఈ వార్తను తన ఇంటి వార్తగా చదువుకోవాలి. ఉక్కు కర్మాగారంలో, రేవులో పనిచేసేవారి బిడ్డలు మన కళాశాలలో ఉన్నారు. రేపు వీరిలో కొందరు ఓడలెక్కుతారు, కొందరు సరుకు లెక్కలు వ్రాస్తారు. ఓడ దారిని పది మైళ్ళు జరపవచ్చునన్న జ్ఞానం అటువంటివారికి ఉంటే అది వృథా పోదు.

ఇది మైనారిటీ కళాశాల, ముందు ఉద్యోగాల సంగతి చూడండి అని ఎవరైనా అంటే, ఆ మాటలో న్యాయం ఉన్నదని ఒప్పుకొంటాము. కాని సముద్రం ఏ ఒక్క వర్గానికీ చెందినది కాదు. దాని విద్య మాత్రం మనకు చెందనిది ఎట్లు అవుతుంది? ఈ జీవి మన సంప్రదాయానికి క్రొత్తది కూడ కాదు. హజ్రత్ యూనుస్‌ను మ్రింగి, తిరిగి ఒడ్డున విడిచిన మహామత్స్యం కథ మన ఇండ్లలో పిల్లలందరికీ తెలుసు. అత్తరు అంగడిలో వినబడే అంబర్ అనే మాట అరబ్బీ నుండి వచ్చినది. ఆ సుగంధ ద్రవ్యం స్పెర్మ్ తిమింగిలపు ప్రేగులలో పుట్టేది. నేడు మన దేశంలో దాని వ్యాపారం చట్టరీత్యా నేరం. అడ్డదారిన దానిని అమ్మజూపే వారి మాటలకు యువకులు లోబడి చిక్కులలో పడకుండుటకైనా ఈ విషయం తెలిసి ఉండాలి.

కనుక కమిటీ పెద్దలకు మా విన్నపం మూడు మాటలలో మనవి చేస్తున్నాము. ఒక మంచి దుర్భిణి, ఒక రిజిస్టరు కొనిపెట్టండి. ప్రతి ఆదివారం ఉదయం ఒక అధ్యాపకుడు, పదిమంది విద్యార్థులు తీరాన ఒక నిర్ణీత స్థలంలో కూర్చొని చూచినది చూచినట్లు, తేదీతో, గంటతో, గాలి దిక్కుతో వ్రాస్తారు. రెండవది, సంవత్సరానికి ఒకసారి జాలరిపేటల పెద్దలను కళాశాలకు పిలిచి, వేదికపై కూర్చోబెట్టి, వారు సముద్రంలో చూచిన దానిని మన విద్యార్థులకు చెప్పించండి. తిమింగిలాన్ని దగ్గరగా చూచినవారు ఈ నగరంలో ఎవరైనా ఉంటే వారు ఆ పేటలలోనే ఉన్నారు. వారి మాటలు తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఈ సంచికలోనే అచ్చు వేయవచ్చు. మూడవది, వల నష్టపోయి పరిహారపు దరఖాస్తు వ్రాయలేని జాలరికి దరఖాస్తు వ్రాసిపెట్టే పనిని మన విద్యార్థులకు అప్పగించండి. వ్యాసరచన పోటీలకంటె అది మేలైన రచనాభ్యాసం.

ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డున పెట్టే గ్రుడ్లను ఏరి, కంచె వేసి కాపాడి, పిల్లలను నీటిలో విడిచే పని అటవీశాఖ ఈ నగరపు ఇసుకలోనే చేస్తున్నది. ఒకప్పుడు ఆ గ్రుడ్లను కుక్కలూ మనుష్యులూ తినేవారు. చూచే కన్నులు పెరిగిన కొలది తినే చేతులు తగ్గినవి.

విద్యార్థులారా! మీరు పరీక్షలు వ్రాసి ఈ కళాశాలను విడిచి పోతారు. ఆ రిజిస్టరు ఇక్కడే ఉంటుంది. పదేండ్ల తర్వాత ఎవరైనా పరిశోధకుడు వచ్చి, విశాఖ తీరంలో ఏ నెలలో ఏ జీవి కనబడినదని అడిగితే, మీ చేతివ్రాతలో ఉన్న ఆ పుటలను అతని ముందు ఉంచగలిగితే, ఈ కళాశాల తన నగరానికి చేయవలసిన పనులలో ఒకటి చేసినదని మేము సంతోషిస్తాము.